ఉసురు లేని అక్కి

ప్రతి జూన్‌లో బోర్డు మీద ఒక నిలువు గీత గీస్తాను. ఎడమ వైపు ప్రాణం ఉన్నవాటి లక్షణాలు, కుడి వైపు ప్రాణం లేనివాటి లక్షణాలు. మధ్యలో వైరస్‌ని నిలబెట్టి పదకొండో తరగతి పిల్లల చేత పంచాయితీ చేయిస్తాను. అది తినదు, ఊపిరి పీల్చదు, పెరగదు. వాటిల్లో కొన్నిటిని సీసాలో పెడితే ఉప్పులా గడ్డకట్టి ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటాయి. ఇవన్నీ కుడి వైపుకు పోతాయి. అదే మన ఒంట్లో ఒక కణంలోకి దూరిందంటే తనలాంటివాటిని వేలకు వేలు పుట్టిస్తుంది. అది ఎడమ వైపుకు. చివరికి ‘ప్రాణానికీ జడానికీ నడుమ ఉండేది’ అని రాయిస్తాను. మూడు మార్కుల ప్రశ్న. కోయంబత్తూరులో ఆర్.ఎస్. పురం దగ్గర ఒక ప్రైవేటు బడిలో పదహారేళ్ళుగా ఇదే చెబుతున్నాను. పోయిన జూన్‌లో మా అమ్మకు ఎడమ కంటి పైన అక్కి లేచేదాకా ఆ పాఠంలో నాకు ఏ కష్టమూ కనిపించలేదు.

అక్కి అంటే నరం వెంబడి వరసగా నీటి గుల్లలు లేచి నిప్పు పెట్టినట్టు మండే జబ్బు. ఆంధ్రా వైపు సర్పి అంటారట. మదురైలో వైగై గట్టు దగ్గర మా సందులో నాలుగైదు వందల ఏళ్ళుగా తెలుగువాళ్ళం ఉన్నాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, జబ్బుల పేర్లు మాత్రం లోపలా బయటా అరవమే. మా అమ్మ రక్కమ్మాళ్‌కి ఆ సందు మొదట్లో మట్టిసామాన్ల అంగడి ఉంది. కుండలు, చట్లు, ప్రమిదలు అమ్ముతుంది. అంతకన్నా పెద్ద పేరు అక్కి రాయడంలో. జాజురాయిని నీళ్ళతో అరగదీసి, ఆ ఎర్రని ముద్దలో కోడి ఈక ముంచి, గుల్లల చుట్టూ కంచెలా గీత గీసి, అవి పాకే దిక్కుకు ఎదురుగా నోరు తెరిచిన సింహాన్ని రాస్తుంది. అక్కి పాముజాతిదట. ఒంటి చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడట. సింహాన్ని చూస్తే బెదిరి వెనక్కి మళ్ళుతుందట. నలభై ఏళ్ళుగా మదురైలో ఎన్ని నడుములు, ఎన్ని వీపులు మా అమ్మ సింహాలను మోశాయో లెక్కలేదు.

నాకూ నేర్పింది. తొమ్మిదేళ్ళప్పుడు ఈక నా చేతికిచ్చి తన మోకాలి మీద రాయించుకుంది. ‘రంజని చేయి సల్లని చేయి’ అని సందులో పేరొచ్చింది. మా తమ్ముడు మణికందన్‌కి నేర్పలేదు, వాడు గీస్తే సింహం మేకపిల్లలా ఉంటుందని. పన్నెండో తరగతిలో, అక్కి అనేది చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరసే మళ్ళీ లేవడం అని చదివిన రోజు, ఇంక రాయనని ఈక కింద పెట్టేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు అట్లాంటిది కాదు. మూడేళ్ళ కిందట అంగడిలో మా అమ్మ ఒక పెద్దాయన వీపు మీద రాస్తుంటే, ‘ఈ ఎర్రమట్టితో ఏమీ కాదు, ఆస్పత్రికి పొండి’ అని ఆయనను లేపి పంపించాను. అమ్మ నాతో నెల రోజులు మాట్లాడలేదు.

పోయిన జూన్ ఆఖరు వారం, మంగళవారం సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. నన్ను ముద్దుగా కణ్ణు అంటుంది, అరవంలో కన్ను అని.

“కణ్ణు, నాకు అక్కి వచ్చిండాది.”

“ఎక్కడ?”

“నుదుట్లో, ఎడమ కంటి మింద. నిన్న మంటగా ఉండె. ఈ పొద్దు గుల్లలు లేసినాయి.”

“తమ్ముడిని పిలుచుకొని ఒడనే ఆస్పత్రికి పో.”

“పోతాలే. ముందు నువ్వు వచ్చి రాయి. రాసినాక పోతా.”

తన అక్కికి తాను రాసుకోకూడదు. రాసుకుంటే సింహం తిరగబడుతుందని మా ఇంటి కట్టడి. వేరే చోట రాసేవాళ్ళు మదురైలో లేక కాదు. కానీ ఊరికంతా రాసిన మనిషి ఇంకొకరి అంగడికి పోయి నుదురు చాపుతుందా? నాకు ఆ పట్టుదల తెలుసు. తెలిసే ఒళ్ళు మండింది. ఇరవై మూడేళ్ళుగా రాయనని చెబుతున్న నన్ను, జబ్బును అడ్డం పెట్టుకొని రాయించాలని చూస్తోందనుకున్నాను.

“నేను రాయను. నువ్వు ముందు ఆస్పత్రికి పో. పోతేనే వస్తా.”

“నువ్వు రాస్తేనే పోతా.”

ఫోన్ పెట్టేశాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇద్దరం కూర్చున్నాం. ఆ కుందేలు మా అమ్మ కన్ను అని అప్పుడు నాకు తెలియదు.

బుధవారం మధ్యాహ్నం మణికందన్ ఫోన్ చేశాడు. వాడు మేలూరు దగ్గర గ్రానైట్ యార్డులో పని చేస్తాడు. వెనక రాయి కోసే మిషను చప్పుడులో అరిచి అరిచి మాట్లాడాడు.

“అక్కా, ఒక తూరి వచ్చి పో అక్కా. కన్ను వాచిండాది. ఆస్పత్రికంటే కదల్లే.”

“నేను వస్తే రాయమంటుంది.”

“రాసేయి అక్కా. ఏమి పోతుంది? పది నిమిషం పని.”

“పది నిమిషాల సంగతి కాదురా. నేను రాస్తే ఇంక ఆస్పత్రి వద్దంటుంది, తగ్గిపోయిందంటుంది. ఆస్పత్రికి పోయినట్టు చీటీ ఫోటో తీసి పంపు, రాత్రి బస్సుకే ఎక్కుతా.”

“మీ ఇద్దరి మధ్యన నేను నలిగి సస్తుండా,” అన్నాడు. పాపం, వాడి మాట మా ఇంట్లో ఎప్పుడూ నడవలేదు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మాట, అమ్మను ఎదిరిస్తే నా మాట, అంతే.

సాయంత్రం వీడియో కాల్‌లో చూశాను. పక్కింటి పాండీశ్వరి ఫోన్ పట్టుకుంది. ఆమె ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది, అమ్మకు కూతురి కన్నా ఎక్కువ. అమ్మ ఎడమ కనురెప్ప ఉబ్బి సగం మూసుకుపోయి ఉంది. నుదుటి నుంచి రెప్ప దాకా గుల్లలు గుత్తులుగా ఉన్నాయి. ముక్కు కొన మీద ఒకే ఒక గుల్ల, దిష్టిచుక్కలా. దాన్ని నేను చూశాను. చూసి కూడా అర్థం కాలేదు. ముక్కు కొన మీద గుల్ల లేచిందంటే కంటిలోకి పోయే నరం అంటుకుందని గుర్తు అట. అది మా పదకొండో తరగతి పుస్తకంలో లేదు.

“అక్కా, పెద్దమ్మ నొప్పికి పల్లు కొరుకుతుండాది. రా అక్కా,” అంది పాండీశ్వరి.

“దాన్ని అడగొద్దు పాండీ,” అని పక్క నుంచి అమ్మ గొంతు. “దానికి బడి ఉండాది.”

ఆ మాట నాకు ఎత్తిపొడుపుగా వినిపించింది. ఇప్పుడు తలుచుకుంటే అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నాకు బడి ఉందని చెప్పింది.

గురువారం నేను అదే పాఠం చెప్పాను. గీత గీశాను, వైరస్‌ని మధ్యలో నిలబెట్టాను. ఇలక్కియ అని రెండో బెంచీ పిల్ల, ఊరకే కూర్చోదు, లేచి అడిగింది.

“మిస్, దానికి ఉయిర్ లేదంటే, వైరస్‌ని చంపే మందు అని ఎందుకంటారు మిస్?”

“అది మాటవరసకి అనడం.”

“మరి బతికి లేనిది మనల్ని ఎట్లా చంపుతుంది మిస్?”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ‘తుపాకీ గుండుకు ప్రాణం ఉందా?’ అని జవాబు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ గంటకి అమ్మకు గుల్లలు లేచి మూడో రోజు దాటిపోతోంది. మాత్రలు బాగా పట్టేది ఆ మూడు రోజుల్లోనే. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదని ఇప్పటికీ నన్ను నేను సమాధానపరచుకుంటాను. ఫోన్ నా సంచిలోనే ఉంది, వెతికి చదివితే ఒక నిమిషం పట్టేది.

శుక్రవారం పొద్దున్న మణికందన్ మెసేజ్ పెట్టాడు. ‘కన్ను తెరవలేకపోతోంది.’ అంతే. నేను సెలవు చీటీ కూడా రాయకుండా సింగనల్లూరు బస్టాండుకు పోయి మదురై బస్సు ఎక్కాను. ఐదు గంటల దారిలో అమ్మను ఏమని తిట్టాలో మాటలు వరసగా పేర్చుకున్నాను. భయం వేసినప్పుడు నాకు వచ్చేది కోపమే, చిన్నప్పటి నుంచీ అంతే.

ఇంట్లోకి పోయేసరికి అమ్మ గోడకు ఆనుకొని చాప మీద కూర్చుని ఉంది. పక్కన సానరాయి, జాజురాయి, కోడి ఈక. మంగళవారమే అరగదీసిన జాజు పళ్ళెంలో ఎండిపోయి బీటలు వారింది. దాని పక్కనే చెంబుతో నీళ్ళు, కలుపుకోవడానికి.

“వస్తివా కణ్ణు,” అంది. మంచి కన్నుతోనే నన్ను వెతుక్కుంది. “రా. కూచో. రాయి.”

పది నిమిషాలు. అంతే పట్టేది. ఆలస్యం ఎటూ అయిపోయింది, ఇంకో పది నిమిషాలకు ఆ కంటికి కొత్తగా పోయేదేమీ లేదు. కానీ నేను బస్సులో పేర్చుకొచ్చిన మాటలన్నీ ఆమె మీద పోశాను. నీకు బుద్ధి ఉందా, నీ మొండితనంతో కన్ను పోగొట్టుకుంటావా, ఎవరి చేత చాకిరీ చేయించుకోవాలని చూస్తున్నావు, అన్నీ అన్నాను. పళ్ళెం పక్కకు తోశాను. మణికందన్ ఆటో తెచ్చాడు. అమ్మ ఒక్క మాట ఎదురు చెప్పకుండా లేచి వచ్చింది. ఎదురు చెప్పి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కంటి ఆస్పత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ రెప్ప విప్పి లైటు వేసి చాలాసేపు చూసింది. ఎన్ని రోజులయిందని అరవంలో అడిగింది. నాలుగు రోజులని చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి జరిగింది. మూడు రోజుల లోపల వచ్చి ఉంటే మాత్రలు బాగా పట్టేవి, ఇప్పుడూ ఇస్తాం, చుక్కల మందూ వేస్తాం, చూద్దాం అంది. ఆ ‘చూద్దాం’ ఎట్లాంటిదో టీచర్లకు తెలుసు. పాసు కాని పిల్లల అమ్మానాన్నలకు మేమూ అదే మాట చెబుతాం.

“మీరేం చేస్తారు?” అని నన్ను అడిగింది.

“టీచర్.”

“ఏ సబ్జెక్ట్?”

చెప్పాను. ఆమె తల వంచుకొని మందులు రాసింది.

వార్డులో పడుకోబెట్టాక, డాక్టరమ్మ తనతో చెప్పినదాన్ని అమ్మ నెమరు వేసుకుంది. కంటికి కట్టు, చేతికి సూది, అయినా అడగడం మానలేదు.

“ఏమే, ఏడేండ్లప్పుడు నాకు ఆటలమ్మ పోసిండె. మూడు తూర్లు తలకు నీళ్ళు పోసి వేపాకుతో సాగనంపిరి. ఆ పిల్ల అది పోనేలేదంటాదేమి?”

“పోలేదమ్మా. నరం మొదలు దగ్గర దాక్కొని ఉంటుంది. మనిషికి బలం తగ్గితే లేస్తుంది.”

“అరవై ఏండ్లు నా లోననే ఉండెనా?”

“ఊఁ.”

“ఏమి తిని?”

“ఏమీ తినదు.”

“ఊపిరి?”

“తీయదు.”

“అయితే దానికి ఉసురు లేదు.”

ఉసురు అంటే మా ఇళ్ళలో ప్రాణం. ఎవరినైనా ఏడిపిస్తే తగిలేదీ అదే. నేను బోర్డు ముందు నిలబడ్డట్టే మాట్లాడాను. “లేదనీ అంటారు, ఉందనీ అంటారు. నిజానికి మధ్యలో ఉంటుంది.”

“సచ్చినదానికీ బతికినదానికీ మధ్యలో ఏముండాదే?” అంది. “దీనికేనా నీకు జీతం ఇచ్చేది?”

మణికందన్ నవ్వాడు. చాలా రోజుల తర్వాత ముగ్గురం నవ్వాం. కన్ను దక్కుతుందని ఆ సాయంత్రం నేను నమ్మాను.

దక్కలేదు. గుల్లలు రెండు వారాల్లో ఎండి రాలిపోయాయి. నుదుటి మీద మచ్చలు మిగిలాయి. కన్ను మాత్రం పొద్దుపొద్దుకూ మసకబారింది. ముందు గడియారం ముళ్ళు పోయాయి, తర్వాత గడియారం పోయింది. ఆరు వారాలకు నల్లగుడ్డు మీద తెల్లని పొర నిలిచింది. వెలుతురు ఉందో లేదో తెలుస్తుంది, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. ఇంకేమైనా చేయొచ్చా అని అడిగితే, ఇప్పుడు ముట్టుకునే కన్ను కాదని చెప్పారు. నేను కోయంబత్తూరులో ఇద్దరిని, తిరుప్పూరులో ఒకరిని అడిగాను. ముగ్గురూ కాగితాలు చూసి అదే మాట చెప్పారు. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా దొరకలేదు.

కన్ను పోతే పోయింది, నొప్పి పోలేదు. అదే నా ప్రాణం తీసింది. చర్మం మీద ఏమీ లేదు, లోపల మాత్రం ఎడమ నుదుటి నుంచి మాడు దాకా కాల్చిన సూదులు గుచ్చినట్టు ఉండేదట. దువ్వెన తగిలితే అరిచేది. ఫ్యాను గాలి తగిలినా ఓర్చుకోలేకపోయేది. మాత్రలు ఇచ్చారు, మగతగా పడి ఉండేది, మగతలోనూ నొప్పి ఉండేదంది. శని, ఆదివారాలు బస్సెక్కి వచ్చేదాన్ని. వచ్చి చేసేది మాత్రం ఏముంది? పక్కన కూర్చునేదాన్ని.

మధ్యాహ్నం పూట అంగడి మూసి గోడ వైపు తిరిగి పడుకొని అమ్మ దానితో మాట్లాడేది. దగ్గరి చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడేది.

“పోవే తల్లీ. అరవై ఏండ్లు ఇల్లిచ్చి ఉంచుకొంటిని. నేనేమి తక్కువ సేస్తిని? కన్ను అడిగితివి, ఇస్తిని. ఇంక సాలు, పో తల్లీ.”

ఒక శనివారం, రెండు బస్సులు మారి, ఎండలో నడిచి వచ్చి ఉన్నాను. ఆ మాటలు వినలేకపోయాను. ఆమె బాధ చూడలేక అనిపించింది అని చెప్పొచ్చు, కానీ నిజం చెప్పాలంటే విసుగు.

“ఎవరిని బతిమాలుతున్నావమ్మా? అక్కడ ఎవరూ లేరు. వైరస్ మళ్ళీ పడుకుంది. ఇప్పుడు నొప్పి పుట్టించేది దెబ్బతిన్న నరం. ఆ వైరస్‌కైనా చెవులు లేవు, మనసు లేదు, నువ్వే అన్నావు గదా, ఉసురు లేదు. వినేవాళ్ళు లేకుండా ఎవరికి చెప్పుకుంటున్నావు?”

అమ్మ నా వైపు తిరిగింది. తెల్లకన్ను, మంచి కన్ను రెండూ నా మీద ఉన్నాయి.

“నిజంగా లేదా?”

“లేదు.”

“బతికినదాన్నయితే బతిమాలొచ్చు,” అంది. “ఉసురు లేనిదాన్ని ఏమని బతిమాలేదే?”

ఆ తర్వాత ఆమె దానితో మాట్లాడలేదు. నొప్పి అట్లాగే ఉంది, మాట ఆగిపోయింది. మధ్యాహ్నాలు గోడ వైపు తిరిగి పడుకొని చీర కొంగు నోట్లో కుక్కుకునేది. మందు పని చేయలేదు, సింహం ఎటూ లేదు, చెప్పుకోవడానికి ఒకతె ఉండేది, ఆమెను నేను లేకుండా చేశాను. మూడు మార్కుల జవాబుతో చేశాను. ఆ నిశ్శబ్దం రెండు శనివారాలు విన్నాక నాకే భయం వేసింది. మూడో శనివారం పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టాను.

“అమ్మా, నేను మళ్ళీ చదివాను. వైరస్‌కి ప్రాణం ఉందనే చెప్పే శాస్త్రజ్ఞులు కూడా చాలామంది ఉన్నారు. ఈ మధ్య చాలా పెద్ద పెద్ద వైరస్‌లు కనిపెట్టారు. కణంలో ఉన్నప్పుడు దాన్ని బతికినట్టే లెక్క వేయాలంటారు. నీ లోపల ఉంది కాబట్టి…”

“నా కోసరం సదువు మార్చొద్దు, కణ్ణు,” అంది అమ్మ. కొంగు తీయకుండానే అంది.

ఆవణి నెలలో, సెప్టెంబరు మొదట్లో, ఒక ఆదివారం పొద్దున పాండీశ్వరి వచ్చింది. ఎడమ డొక్క మీద చీర పక్కకు తీసి చూపించింది. నడుము నుంచి బొడ్డు వైపుకు గుల్లల వరస.

“ఆస్పత్రికి పోయి వస్తివా?” అని మొదట అమ్మే అడిగింది.

“నిన్ననే పోతిని పెద్దమ్మా. నువ్వే గదా, అక్కి అనిపిస్తే ముందు ఆడికి పరుగెత్తమని సందులో అందరికీ సెప్పి పెట్టిండావు. మాత్రలు ఇచ్చినారు, దినానికి అయిదు తూర్లు మింగాల. మింగుతుండా.” పాండీశ్వరి పంటి బిగువున మాట్లాడుతోంది. “మంట తాళలేకుండా ఉండాను. నువ్వు ఒక సింహం రాస్తే సల్లగా పడుకుంటా.”

అమ్మ లేచింది. నెలల తర్వాత ఆమె చురుగ్గా లేవడం అప్పుడే చూశాను. జాజు అరగదీసింది, ఈక ముంచింది, పాండీశ్వరి పక్కన కూర్చుంది. ఈక కొన చర్మానికి అంగుళం ఇవతలే గాలిలో ఆగి గీత గీసింది. అమ్మ ఆగి చూసుకుంది. ఇంకొంచెం ముందుకు పెట్టింది. ఈసారి ఎక్కువ పోయి గుల్ల మీద పొడుచుకుంది. పాండీశ్వరి పెదవి కొరుక్కొని పైకప్పు చూస్తూ ఉండిపోయింది. ఒక కంటితో చూసేవాళ్ళకు దగ్గరా దూరమూ సరిగా తెలియవని నేను క్లాసులో చెబుతాను. పిల్లల చేత ఒక కన్ను మూయించి, రెండు పెన్సిళ్ళ కొనలు తాకించమని ఆట ఆడిస్తాను.

మూడోసారి కూడా ప్రయత్నం చేసింది. తర్వాత ఈక వెనక్కి తిప్పి, పిడి నా వైపు చాపింది. రాయమని నోరు తెరిచి అడగలేదు.

నాకు ఎన్ని మాటలైనా తోచాయి. ఇది మందు కాదు, పాండీ, తడి తగిలితే కాసేపు చల్లగా ఉంటుంది, అంతే. కానీ ఆమె మాత్రలు మింగుతోంది. డొక్క తెరుచుకొని కూర్చుంది. అమ్మ చేయి గాలిలో చాచి ఉంది, ఈక కొన నుంచి జాజు బొట్టు కింద పడింది. నేను తీసుకున్నాను.

చేయి ఏదీ మరిచిపోలేదు. ముందు కంచె. గుల్లలకు తగలకుండా వేలెడు దూరంలో, ఎక్కడా తెగకుండా. తర్వాత బొడ్డు వైపు సింహం, ముందు కాళ్ళు చాపి, తోక వీపు మీదకు లేపి, నోరు గుల్లల వైపు తెరిచి. అమ్మ నా భుజం వెనక నుంచి మంచి కన్ను దగ్గరగా పెట్టి చూస్తూ ఉంది. ఆమె ఊపిరి నా చెవికి తగులుతోంది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

“అమ్మాడి,” అంది పాండీశ్వరి కళ్ళు మూసుకొని. “సల్లగా ఉండాది అక్కా. నీ చేయి సల్లని చేయేనక్కా, సందులో ఊరకే అనలేదు.” గీత చెరగకుండా చీర ఎత్తి పట్టుకొని మెల్లగా వెళ్ళిపోయింది.

అమ్మ సానరాయి ముందుకు లాక్కొని కడగడం మొదలుపెట్టింది. నేను చేతులు తుడుచుకుంటున్నాను. గోరు సందుల్లో ఎరుపు పోలేదు.

“పాండీకి రాస్తివి గదే,” అంది అమ్మ, రాయి కడుగుతూనే.

“ఆమె మాత్రలు మింగుతోందమ్మా,” అన్నాను. “ఆస్పత్రికి పోయి వచ్చింది. అందుకని రాశాను.”

అమ్మ రాయి బోర్లించింది. నీళ్ళు కారిపోయేదాకా పట్టుకుంది.

“నువ్వు వచ్చి రాసింటే నేనూ మింగింటా గదా, కణ్ణు.”

ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే తిరిగి అనడానికి నాకు ఏదో ఒకటి దొరికేది.